పిల్లలను ఊరికే ఉండనివ్వండి

ఈ కింద రాసిన సలహాలు మీ అత్తమ్మకు నచ్చకపోవచ్చు. ప్రైవేటు బడి సారుకు అసలే నచ్చవు. దుబాయ్‌లో కష్టపడి బొమ్మలు కొని పంపే మీ ఇంటాయన మనసు నొచ్చుకోవచ్చు కూడా. అయినా రాస్తున్నాను. మేడిపల్లిలో, కోరుట్లలో, జగిత్యాలలో, ఇటు సిరిసిల్ల దాకా ఏ వాడకట్టుకు పోయినా రెండేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలున్న తల్లులు అడిగేది ఒకటే. "మా పొల్లగాడు తెలివిగల్లోడు కావాల్నంటే ఏం కొనాలె? ఏం నేర్పాలె?" కొనేది తగ్గించండి, నేర్పేది తగ్గించండి అన్నదే నా జవాబు. పిల్లల ఊహకు కావాల్సినవి మూడే: సగమే తయారైన వస్తువు, ఏ పనీ పెట్టని ఒక పూట, వాళ్ల మాట నమ్మి వెంట వచ్చే ఒక పెద్దమనిషి. మనం ప్రేమ కొద్దీ చేసే పనులు ఎక్కువగా ఈ మూడింటినీ మాయం చేస్తున్నాయి.

ఊహ అంటే పనికిరాని పగటికల అని కొట్టిపారేసే వాళ్లకు ముందుగా ఒక మాట. కట్టెపుల్లను కాళ్ల మధ్య పెట్టుకుని గుర్రం అని ఉరికే పిల్లను చూడండి. రష్యా మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ 1933లో పిల్లల ఆట మీద ప్రసంగిస్తూ సరిగ్గా ఈ కట్టె గుర్రం దగ్గరే ఆగాడు. కట్టెను గుర్రం అన్నప్పుడు ఆ పిల్ల చేతిలో ఉన్న వస్తువును పక్కన పెట్టి, లేని గుర్రాన్ని మనసులో నిలుపుకుంటుంది. రేపు పలక మీది వంకర గీతను 'అ' అని చదవాలన్నా, మూడు మామిడికాయల బదులు 3 అనే గుర్తు రాయాలన్నా కావాల్సింది ఆ శక్తే. చదువు కోసం ఆటను మాన్పించే తల్లిదండ్రులు చదువుకు మొదటి మెట్టునే తీసేస్తున్నారు.

బొమ్మలు కొనకండి

గల్ఫ్ నుంచి కార్గో పెట్టె వచ్చిన ఇంట్లో ఏం జరుగుతుందో మీకూ తెలుసు. లోపల రిమోటు కారు ఉంటుంది, నొక్కితే ఇంగ్లిషు పాట పాడే కుక్కపిల్ల ఉంటుంది. రెండు మూడు రోజులకు కారు మంచం కిందికి పోతుంది. పిల్లలు మాత్రం అట్టపెట్టెను వదలరు. అందులో కూర్చుంటారు, బోర్లించుకుంటారు, కిటికీ కోయమని అడుగుతారు. కారు కారు మాత్రమే కాగలదు. దాన్ని తయారుచేసిన వాళ్లే ఊహించే పనంతా ముందుగా పూర్తి చేశారు. పెట్టె ఏమిటో ఇంకా ఎవరూ తేల్చలేదు కాబట్టి పిల్లలు తేల్చుకుంటారు.

అమెరికాలో టొలీడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లల ముందు ఒకసారి 4 బొమ్మలు, ఇంకోసారి 16 బొమ్మలు పెట్టి చూశారు. 4 ఉన్నప్పుడే పిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. 2016లో వచ్చిన ఇంకో అధ్యయనం బ్యాటరీ బొమ్మల గురించి చెప్పింది. అవి మోగుతున్నంతసేపు తల్లిదండ్రులు పిల్లలతో మాట్లాడే మాటలు తగ్గాయి, పిల్లల నోటి నుంచి వచ్చే చప్పుళ్లూ తగ్గాయి. బొమ్మ మాట్లాడుతుంటే మనుషులు ఊరుకున్నారన్నమాట. ఇంట్లో ఇప్పటికే బొమ్మలు నిండి ఉంటే పారేయాల్సిన పని లేదు. నాలుగు ఉంచి మిగతావి మూటగట్టి అటక మీద పెట్టండి, నెలకోసారి మార్చండి. తప్పనిసరై కొనాల్సి వస్తే ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి.

మరి ఆడుకోవడానికి ఏమియ్యాలి? ఎండాకాలం ముంజలు తిన్నాక తాటికాయ బుర్రలు పెంటకుప్ప మీద వేస్తాం కదా, వేయకండి. రెండు బుర్రలు, వాటిని కలిపే జానెడు పుల్ల, చివర పంగ ఉన్న ఒక పొడుగు కట్టె ఉంటే బండి తయారు. పంగను ఆ పుల్ల మీద ఆనించి నెట్టుకుంటూ ఉరకడమే. కాయ కొట్టేది, కత్తి పట్టేది పెద్దలే. పుల్ల గుచ్చే పని మాత్రం ఐదేళ్ల పిల్లకు వదిలి చూడండి. మొదట పుల్ల ఒక పక్కకు దిగుతుంది, బండి కుంటుతుంది. తీసి మళ్లీ గుచ్చుతుంది. పుల్ల సన్నమైతే విరుగుతుంది, లావైతే బుర్ర పగులుతుంది. చివరికి బండి తిన్నగా పోయినప్పుడు ఆ పిల్ల నోటితోనే ఇంజను మోత మొదలవుతుంది. మలుపులో గేరు మారుస్తుంది, ఎదురొచ్చిన కోడికి హారన్ కొడుతుంది. ఒక గంటలో ఆ బండి లారీ అయి, వడ్లు మోసే ట్రాక్టరు అయి, కొండగట్టుకు పోయే జీపు అవుతుంది. బుర్రలు ఎండి ముడుచుకునే దాకా నాలుగు రోజులు ఆడుతుంది. అవి పాడైతే ఏడ్వదు, ఇంకో కాయ వస్తుందని తెలుసు.

మక్కలు ఒలిచాక మిగిలే బెండ్లు, కంకి పీచు, చింతగింజలు, సబ్బు పెట్టెలు, పాత తువ్వాల, పగిలిన గంప ఇవన్నీ అంతే. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు ఉన్న ఇళ్లల్లో ఖాళీ కండెలు, తెగిన దారం పోగులు బుట్టలకొద్దీ దొరుకుతాయి. వాటిని నిలబెడితే కోట, పడుకోబెడితే రైలు. మరీ చిన్న పిల్లలు మాత్రం గింజలు ముక్కులో, నోట్లో పెట్టుకుంటారు. మూడేళ్లు దాటేదాకా చింతగింజలు వద్దు.

ఆట నేర్పకండి

ఒకసారి ఒక ఇంటి వాకిట్లో ఐదేళ్ల పిల్ల నులకమంచాన్ని బస్సు చేసింది. భుజానికి వాళ్ల అమ్మ చేతిసంచి, చేతిలో చిరిగిన క్యాలెండర్ కాగితాలు. అమ్మమ్మను, తమ్ముణ్ని మంచం మీద ఎక్కించింది.

"ఏడికి?"

"జగిత్యాలకు," అంది అమ్మమ్మ.

"ఆధార్ కార్డు సూపెట్టు."

అమ్మమ్మ అరచెయ్యి చూపించింది. పిల్ల దాన్ని తిప్పి తిప్పి చూసి, కాగితం చింపి ఇచ్చింది. "ఇగో, జీరో టికెట్." తమ్ముడి దగ్గరికి వచ్చి, "నువ్వు మొగోనివి. పైసలు తియ్యి," అంది. వాడు ఏడుపు మొహం పెట్టాడు. కాసేపు ఆలోచించి, "సరే, నువ్వు గూడ ఆడోళ్ల లెక్కనే," అని వాడికీ ఒక ముక్క చింపి ఇచ్చింది.

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలై ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో చార్జీ లేకుండా పోయింది. ఆ ప్రభుత్వ నిబంధన ఒక పిల్ల ఆటలోకి వచ్చి, తమ్ముడి ఏడుపు చూసి మారిపోయింది. చూసింది చూసినట్టు చేయడంతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి కొత్త నియమం కట్టింది ఆ పిల్ల. ఇదే ఊహ పని. ఆ అమ్మమ్మ చేసిన గొప్ప పని ఏమిటంటే "బస్సు గిట్లుంటదా? డ్రైవర్ ఏడి? ఐదేళ్ల లోపు పోరగానికి టికెటే ఉండదు" అని చెప్పకపోవడం. అడిగిన దానికి జవాబిచ్చి అరచెయ్యి చాపింది. అంతే.

2011లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఎన్నో రకాలుగా పనిచేసే ఒక కొత్త బొమ్మను చిన్న పిల్లలకు ఇచ్చారు. కొందరికి టీచరు "ఇది ఇలా పనిచేస్తుంది" అని ఒక పని చూపించింది. కొందరి ముందు ఆ పని ఏదో అనుకోకుండా జరిగినట్టు జరిగింది. టీచరు నేర్పిన పిల్లలు ఆ ఒక్క పనే మళ్లీ మళ్లీ చేశారు. మిగతావాళ్లు బొమ్మలో దాగిన ఇతర పనులు కనిపెట్టారు. పెద్దవాళ్లు చూపిస్తే ఇంక చూడాల్సింది లేదనుకుంటారు పిల్లలు. మనమీద వాళ్లకున్న నమ్మకం అంతటిది. అందుకే దాన్ని జాగ్రత్తగా వాడాలి.

ఆటలోకి పిలిస్తే పొండి. పిలవకపోతే దూరంగా మీ పని చేసుకోండి. పోయినప్పుడు వాళ్లు చెప్పిన పాత్రే వేయండి. కోడలివి అంటే కోడలివి, దొంగవంటే దొంగవి. బువ్వలాటలో ఆకులో పెట్టిన ఇసుకను వేళ్లతో కలిపి తిన్నట్టు చేసి, ఉప్పు తక్కువైందని చెప్పండి. ఉప్పు తేవడానికి ఎక్కడికి ఉరుకుతుందో చూడండి.

విసుగొస్తుందంటే విననట్టు ఉండండి

"ఏం తోస్తలేదు" అని పిల్ల కాళ్లు నేలకేసి కొట్టినప్పుడు ఫోను చేతికి ఇవ్వకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది: రెండేళ్లు నిండని పిల్లలకు తెర అసలే వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంటకు మించొద్దు, తక్కువైతే ఇంకా మంచిది. అన్నం తినిపించడానికి, బీడీలు చుట్టి ఆ రోజు లెక్క పూర్తి చేసుకోవడానికి ఫోను పెట్టే తల్లి అవస్థ నాకు తెలుసు, ఆమెను తప్పుపట్టను. కానీ ఆ విసుగులో ఒక పావుగంట గడిస్తే పిల్ల తనంతట తనే గోడ మీది పెచ్చులో కుక్కను చూస్తుంది, చాప చుట్టి గుహ చేస్తుంది. మొదటి రెండు మూడు రోజులు ఏడుపు ఎక్కువే ఉంటుంది. ఓర్చుకోండి.

అబద్ధాలు ఆడనివ్వండి

దీనికి మీరు కోప్పడతారని తెలుసు. పిల్లలు ఆడే అబద్ధాలు రెండు రకాలు. దెబ్బలు తప్పించుకోవడానికి "నేను పగులగొట్టలే" అనేది ఒకటి. దానికి మందు దెబ్బలు తగ్గించడమే. రెండోది వేరు. "నిన్న రాత్రి మన బాయికాడికి ఏనుగు వచ్చింది, నాతో మాట్లాడింది" అనేది. దీన్ని కట్టు కథ అని కసురుకోవద్దు. ఏనుగు ఏం అడిగిందో అడగండి, ఎటు పోయిందో అడగండి, తెల్లారేసరికి అడుగులు ఎందుకు కనబడలేదో అడగండి. ప్రతి ప్రశ్నకూ ఆ పిల్ల ఒక కారణం కట్టాలి, ముందు చెప్పిన దానికి అది పొసగాలి. పెద్ద పనే.

మన తెలంగాణ పల్లె ఇలాంటి కోతలను నెత్తిన పెట్టుకున్నది. ఖాకీ అంగీ తొడిగి, కట్టె తుపాకీ భుజాన వేసుకుని పిట్టల దొర ఊరికొస్తే పెద్దలంతా పని మాని వినేవాళ్లు. తుపాకి రాముడనీ పిలుచుకున్నారు ఆయన్ను. తన ఆస్తులు, తన దర్బారు, తన వేట గురించి ఆయన చెప్పేది ఒక్క ముక్కా నిజం కాదని అందరికీ తెలుసు, అందుకే బియ్యం పోసి పంపేవాళ్లు. పెద్దాయన చెబితే కళ అయినది, నాలుగేళ్ల పిల్ల చెబితే తప్పు ఎట్లయింది?

ఇంకో సంగతి చాలా ఇళ్లలో భయం పుట్టిస్తుంది. కొందరు పిల్లలు కనబడని దోస్తును పెట్టుకుంటారు. వాడితో మాట్లాడతారు, వాడికీ కంచం పెట్టమంటారు. వెంటనే "గాలి సోకింది" అని తాయత్తు కట్టిస్తారు. అమెరికా మనస్తత్వవేత్త మార్జొరీ టేలర్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో ఏడేళ్లు వచ్చేలోపు దాదాపు 65 శాతం పిల్లలు ఏదో ఒక ఊహా స్నేహితుణ్ని పెట్టుకున్నారని తేలింది. అందులో బొమ్మకు ప్రాణం పోసి మాట్లాడించిన వాళ్లూ ఉన్నారు. వాడు నిజంగా లేడని ఆ పిల్లల్లో ఎక్కువమందికి తెలుసు. తాయత్తు అక్కర లేదు, ఇంకో కంచం పెట్టండి. పిల్ల ఆ దోస్తు పేరు చెప్పి వణుకుతున్నా, నిద్ర, తిండి చెడినా, మనుషులతో మాటలే మానేసినా అది వేరే సంగతి. అప్పుడు జగిత్యాలకో కరీంనగర్‌కో పోయి పిల్లల డాక్టరుకు చూపించండి.

కథ పూర్తి చేయకండి

రాక్షసులు, దయ్యాలు, మాట్లాడే పులులు ఉన్న కథలు చెబితే పిల్లలు చెడిపోతారని నమ్మే చదువుకున్న వాళ్లు ఇప్పుడు పెరిగారు. వందేళ్ల కింద సోవియట్ రష్యాలోనూ ఇలాగే అన్నారు. అక్కడి బాలల రచయిత కొర్నేయ్ చుకోవ్‌స్కీ 'రెండు నుంచి ఐదు' అనే పుస్తకంలో ఒక తల్లి గురించి రాశాడు. ఆమె పిల్లల పెంపకంలో నిపుణురాలు, కొడుకును కల్పిత కథల గాలి సోకకుండా పెంచింది. వాడేం చేశాడు? తన గదిలో ఎర్ర ఏనుగు ఉందన్నాడు, ఎలుగుబంటితో స్నేహం కట్టాడు, పొద్దంతా కల్పనలే. పిల్లలకు మనం కథ ఇవ్వకపోతే వాళ్లే చేసుకుంటారు. ఇస్తే ఇంకా బాగా చేసుకుంటారు.

మన ప్రాంతంలో కథకు కొరత లేదు. వేములవాడ దగ్గరి హనుమాజీపేట నుంచి వచ్చిన మిద్దె రాములు ఒగ్గు కథకు ఎంత పేరు తెచ్చాడో ఇక్కడి పెద్దవాళ్లకు చెప్పక్కర లేదు. ఒగ్గు కథలో తెరలు ఉండవు, కోటలు కట్టరు. కథకుడు ఒక్కడే ఇప్పుడు రాజు, అంతలోనే ఏడ్చే తల్లి. భుజం మీది తువ్వాల ఒళ్లోకి వస్తే చంటిబిడ్డ. పక్కవాద్యగాడు "ఆ తర్వాత?" అన్నట్టు తాళం అందిస్తే కథ ముందుకు నడుస్తుంది. ఇంట్లో ఆ పక్కవాద్యం పని మీరు తీసుకోండి. మల్లన్న జాతరకో, వేములవాడకో పోయినప్పుడు ఎక్కడైనా ఒగ్గు కథ నడుస్తుంటే పిల్లను భుజాన వేసుకుని కాసేపు నిలబడండి. ఒక తువ్వాలతో ఎంత చేయొచ్చో కళ్లారా చూస్తుంది.

రాత్రి కథ చెప్పేటప్పుడు సగంలో ఆగండి. "ముసలవ్వ తలుపు తీసింది. ఎవరున్నరో చెప్పు?" పిల్ల "పులి" అంటే పులితో నడవండి. "మన బర్రె" అంటే బర్రెతో నడవండి, మీరు అనుకున్న కథ పాడైనా సరే.

మెచ్చుకోకండి

బొమ్మ గీయగానే "శెభాష్, మస్తుంది" అని చాక్లెట్ ఇవ్వడం ఆపండి. 1973లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీలో, రంగు పెన్నులతో ఇష్టంగా గీసే మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి "గీస్తే బహుమతి" అని ముందే చెప్పి, మెరిసే ముద్ర, రిబ్బను ఉన్న పత్రం ఇచ్చారు. కొన్ని రోజులకు మామూలు ఆట సమయంలో చూస్తే, బహుమతి ఆశపెట్టిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే గీశారు. ఇష్టంగా చేసేది కూలి పని అయిపోయింది.

మెచ్చుకోలు బదులు చూడండి, అడగండి. "ఈ ఎర్ర బర్రె ఎక్కడికి పోతుంది?" అనండి. బర్రె నల్లగా ఉంటుందని మాత్రం దిద్దకండి. నల్ల బర్రెను వాళ్లు రోజూ చూస్తున్నారు, తెలియక కాదు. వాళ్ల చెయ్యి పట్టుకుని మీరే గీయొద్దు కూడా. మీ బొమ్మ చూసిన తర్వాత వాళ్లకు వాళ్ల బొమ్మ నచ్చదు.

మీ పని ఆటలోకి రానివ్వండి

ఈ సలహాకు చాలామంది తల్లులు గట్టిగా అడ్డం చెబుతారు, వాళ్ల కారణం గొప్పది. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి పొద్దస్తమానం బీడీలు చేసే అమ్మ పక్కన నాలుగేళ్ల పిల్ల కూర్చుంటుంది. పళ్లెం ఒళ్లో పెట్టుకుంటుంది. వేపాకు చుడుతుంది, మూతి మడుస్తుంది, పది పది పేర్చి కట్ట కడుతుంది. తర్వాత ఆ కట్టలు కంపెనీలో ఇచ్చి రావడానికి చెప్పులు వేసుకుని వాకిలి దాకా పోయి, "ఆకు మంచిగ లేదట" అని మొహం ముడుచుకుని తిరిగొస్తుంది. అది చూసి తల్లికి గుండె కలుక్కుమంటుంది. "నా బతుకు నీకొద్దు బిడ్డా" అని పళ్లెం లాగేస్తుంది.

లాగేయకండి. ఆ పిల్ల బీడీలు చేయడం నేర్చుకోవడం లేదు. అమ్మ అయి చూస్తున్నది. అమ్మ నడుము ఎందుకు నొప్పి పెడుతుందో, కంపెనీ నుంచి వచ్చిన రోజు అమ్మ ఎందుకు మాట్లాడదో తన ఒంటితో అర్థం చేసుకుంటున్నది. ఇంకొకరి లోపలికి పోయి చూడడం ఊహ చేసే పనుల్లో అన్నిటికన్నా పెద్దది, అది పళ్లెంలోని వేపాకుతో మొదలవుతుంది. ఆ పిల్లే మధ్యాహ్నం డాక్టరమ్మ అవుతుంది, సాయంత్రం సర్పంచ్ అవుతుంది. ఏ పాత్రా ఆమె నుదుటి రాత కాదు.

గీత ఎక్కడ గీయాలో మాత్రం స్పష్టంగా చెబుతాను. వేపాకు ఆట, తునికాకు పని. లెక్క తక్కువ పడిందని పిల్ల చేత నిజం బీడీలకు దారం కట్టించిన రోజు అది బాలకార్మికం. బీడీల తయారీలో పిల్లల్ని పెట్టకూడదని 1986 చట్టంలోనే ఉంది. తంబాకు పొడి పిల్లల ఊపిరికి, చర్మానికి చెడు. చాటకు, పిల్లకు మధ్య ఎడం ఉండాలి, తంబాకు చేతులు కడుక్కున్నాకే ముద్ద పెట్టాలి.

బట్టలు కరాబు చేసుకోనివ్వండి

తెల్ల అంగీ తొడిగి "మట్టి ముట్టకు" అనడం కన్నా పాత బనీను తొడిగి వదిలేయడం మేలు. బతుకమ్మకు ముందు బొడ్డెమ్మ వేసేటప్పుడు పీట మీద పుట్టమన్నుతో అంతస్తులు పేరుస్తారు కదా, మిగిలిన ముద్ద పిల్లలకు ఇవ్వండి. పొలాల అమావాస్యకు మట్టి ఎడ్లు చేసే ఇళ్లల్లో ఒక ఎద్దును పూర్తిగా పిల్లలకే వదిలేయండి. దానికి ఐదు కాళ్లు వచ్చినా, కొమ్ములు తోక దగ్గర మొలిచినా దేవుడి దగ్గర మిగతావాటి పక్కనే పెట్టండి.

ఊరికే వదిలేయమన్నానని ఎక్కడ పడితే అక్కడ వదిలేయమని కాదు. ఇందులో మాత్రం నేను ఎవరి మాటా వినను. శ్రీరాంసాగర్ నీళ్లు వదిలినప్పుడు కాకతీయ కాలువ, దాని పిల్ల కాలువలు నిండుగా పారతాయి. అంచు జారుడుగా ఉంటుంది, పడ్డ పిల్ల అరిచే లోపే పోతుంది. గట్టు లేని బాయి, మూత లేని బోరు, వడ్ల కుప్ప దగ్గర వెనక్కి వచ్చే ట్రాక్టరు, సాంచాలు నడిచే షెడ్డు, ఈ చోట్లకు పెద్దవాళ్ల చెయ్యి పట్టుకోకుండా పోకూడదు. పురుగుల మందు డబ్బా ఎన్నిసార్లు కడిగినా ఆట సామాను కాదు. దాన్ని తూట్లు పొడిచి, పిల్లలకు అందకుండా వేయండి. ఇంత గట్టిగా కట్టడి చేసిన వాకిట్లోనే పిల్లల్ని మిగతా అన్నిటికీ ధైర్యంగా వదలొచ్చు.

రాత ఆలస్యం చేయండి

మూడేళ్లకే నోటుబుక్కు నిండా ఏబీసీడీలు రాయించే బడి మంచి బడి అని మనవాళ్ల నమ్మకం. ఆ వయసు వేళ్లకు పెన్సిల్ పట్టే బలమే సరిగ్గా రాదు. మట్టి పిసికితే, పుల్ల గుచ్చితే, ఆకు చుడితే వస్తుంది. గుజరాత్‌లో గిజుభాయి బధేకా 1920లో భావ్‌నగర్ బాలమందిరం మొదలుపెట్టాడు. తర్వాత రాసిన 'దివాస్వప్న'లో ఆయన మాస్టారు తరగతిలో పుస్తకం తెరవడానికి ముందు కథలతో మొదలుపెడతాడు. అది తెలుగులో 'పగటికల' పేరుతో వచ్చింది, చిన్న పుస్తకం, దొరికితే చదవండి. ఇప్పుడు ప్రభుత్వమూ అదే మాట అంటున్నది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా పెట్టి, ఆట ద్వారానే చదువు అన్నది. 2023 ఫిబ్రవరిలో 'జాదూయీ పిటారా' పేరుతో బొమ్మలు, తోలుబొమ్మలు, పజిల్స్ ఉన్న పెట్టెను కేంద్రం విడుదల చేసింది.

మీ వాడకట్టు అంగన్‌వాడీలో పిల్లలు "ఏం రాయట్లేదు, ఆడుకుంటున్నరు" అని తీసేసి ప్రైవేటు బడికి ఫీజులు కట్టే ముందు ఒక పొద్దు అక్కడ కూర్చుని చూడండి. ఆట నిజంగా నడుస్తుంటే అదే మీ పిల్లకు మేలైన బడి. ఊరికే పడుకోబెట్టి పంపుతుంటే గట్టిగా అడగండి, అడిగే హక్కు మీకుంది.

గల్ఫ్‌లో ఉన్న నాన్నలకు

ఫోను చేయగానే "ఏం చదివినవ్ బిడ్డా? ఏబీసీడీ చెప్పు" అని అడగకండి. నాలుగేళ్ల పిల్లకు ఆ ప్రశ్నతో బాపు అంటే పరీక్ష అన్నట్టు అయిపోతుంది, రెండోసారి ఫోను దగ్గరికి రాదు. "నీ బస్సు ఇప్పుడు ఏడున్నది? నన్ను ఎక్కించుకుంటవా?" అని అడగండి. ఎక్కించుకుంటుంది. కోరుట్ల నుంచి దుబాయ్‌కి నులకమంచం మీద రావడం ఆమెకు పెద్ద పని కాదు. మీరు ఉండే గదిలో ఎవరెవరు ఉంటారో, కిటికీలోంచి ఏం కనబడుతుందో, క్రేను ఎంత ఎత్తు ఉంటుందో చెప్పండి. ఆమె దగ్గర లేని మనిషిని మీరు ఇచ్చిన ముక్కలతోనే మనసులో కట్టుకోవాలి. కథ ఒకటి మొదలుపెట్టి సగంలో ఆపి, మిగతాది ఎల్లుండి ఆమెనే చెప్పమనండి. ఆ రెండు రోజులు ఇంట్లో అదే ఆట నడుస్తుంది.

వీడియోలో ఆమె ఇసుక బువ్వ చూపిస్తే నోరు తెరిచి తినండి. పక్కన తోటివాళ్లు నవ్వినా సరే.

టైము ఒకటి చూసుకోండి. దుబాయ్, మస్కట్ మనకన్నా గంటన్నర వెనక, సౌదీ, కువైట్, ఖతర్ రెండున్నర గంటలు వెనక. డ్యూటీ దిగి, స్నానం చేసి, వంట చేసుకుని అక్కడ ఎనిమిదిన్నరకు ఫోను చేస్తే ఇక్కడ పది దాటుతుంది, పిల్ల నిద్రలో ఉంటుంది, లేపితే ఏడుస్తుంది. వంట తర్వాత చేసుకోండి. బస్సులో క్యాంపుకు తిరిగొచ్చేటప్పుడే చేయండి. అప్పటికి ఇక్కడ దీపాలు పెట్టే వేళ దాటి ఉంటుంది, పిల్ల మెలకువగా ఉంటుంది.